ఒక్క ముల్లూ ఊడని తోలు

మా మామ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను పక్కూరి అంగన్‌వాడీలో టీకాలు వేస్తున్నాను. మామ అంటే నా భర్త తండ్రి. గుండె నీరసించిందని కర్నూలు పెద్దాసుపత్రిలో చెప్పి, వారం కిందటే ఇంటికి పంపించారు. "నాయన పోయినాడు మే. గంజి తాగి పండుకున్న్యాడు, లేపితే లేయలేదు" అన్నాడు మా ఆయన. సరేనన్నాను. ఇంకా ఇద్దరు పిల్లలు మిగిలి ఉన్నారు, మందు సీసా తెరిచి ఉంది. ఆ ఇద్దరికీ సూది వేసి, జ్వరం వస్తే ఏం చేయాలో తల్లులకు చెప్పి, డబ్బా మూసి, అప్పుడు బండి ఎక్కాను. అందుకు ఊళ్ళో కొందరు నన్ను రాతిగుండె అన్నారని తర్వాత తెలిసింది. అననీయండి. ఆ పసివాళ్ళను వదిలేసి వచ్చి ఉంటే మా మామ పెట్టెలోంచి లేచి మరీ తిట్టేవాడు.

ఏడుపు మాత్రం రాలేదు. ఇంటికి చేరాకా రాలేదు, మట్టి వేసేటప్పుడూ రాలేదు.

ఆయన గురించి రాయమంటే చాలామందికి రాయడానికేమీ కనిపించదు. ఆలూరికి పడమట నాలుగెకరాల ఎర్రనేల, అందులో సగం రాళ్ళు. వాన పడితే బుడ్డలు, కంది, కొర్ర. పడకపోతే కూలి. ఆదివారం చర్చిలో తలుపు పక్కన ఆఖరి చాప. చదువు లేదు, సంతకం ఒక్కటే వచ్చు, అది పెట్టేటప్పుడు నాలుక కొంచెం బయటికి వచ్చేది. మాట తక్కువ. నవ్వు అంతకన్నా తక్కువ, వచ్చినా భుజాలు కదిలేవే కానీ చప్పుడు వినిపించేది కాదు.

ఆయనకొక అలవాటు ఉండేది. ఒక్క రాయన్నా ఏరకుండా చేను దాటేవాడు కాదు. సాలులో తగిలిన రాయో, కాలికి గుచ్చుకున్న రాయో ఒకటి ఎత్తుకొచ్చి చేను మూలనున్న కుప్ప మీద పెట్టి, అప్పుడే బయలుదేరేవాడు. వాళ్ళ నాయనా, జేజినాయనా కూడా అంతేనట. మూడు తరాల రాళ్ళతో ఆ కుప్ప మా ఇంటి కంటే ఎత్తు పెరిగింది. చుట్టూ కిత్తనార మట్టలు లేచాయి, రేగు పొదలు అల్లుకున్నాయి. "రాయి తీస్తే నేల మెత్తబడతాది. ఆ రాయిని ఇసిరేస్తే ఇంగొకరి చేన్లో పడతాది. కుప్పలో పెడితే ఎవురికో ఒకరికి ఇల్లయితాది" అనేవాడు. ఎవరికి ఇల్లయిందో నాకు తెలియడానికి ఒక వాన పడాల్సి వచ్చింది.

మాది బద్వేలు. మేం చెనక్కాయలు అనేదాన్ని వీళ్ళు బుడ్డలు అంటారు, డబ్బులను దుడ్లు అంటారు. పెళ్ళయ్యాక కొన్నాళ్ళు సగం మాటలు ఊహించుకుని బతికాను. అప్పటికే నాకు ఊరి నర్సు ఉద్యోగం వచ్చింది కాబట్టి మామ నన్ను పేరు పెట్టి పిలవలేదు, "నర్సమ్మా" అనేవాడు. అందులో మర్యాద ఎంతో, వేళాకోళం ఎంతో తేల్చుకోలేకపోయేదాన్ని. నాకు నోరెక్కువ. అది పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. ఆయన నా నోటికి ఎప్పుడూ ఎదురు రాలేదు, వినేసి చేనికి పోయేవాడు.

పెళ్ళయిన ఏడాది తొలివాన పడిన మరునాడు పొద్దు గుంకుతుండగా, "నర్సమ్మా, రా, మన చేన్లో కాపురముండేటోళ్ళను చూపిస్తా" అన్నాడు. మా అత్తా నేనూ ఆయన వెంట పోయాం. కుప్పకు నాలుగు బారల దూరంలో మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడొద్దని సైగ చేశాడు. కాసేపటికి రాళ్ళ సందులోంచి ఎవరో ముక్కు ఎగబీలుస్తున్నట్టు చిన్న చప్పుడు వచ్చింది. తర్వాత ఒక మొనదేలిన మూతి, తెల్లటి మొహం, గుండ్రటి చెవులు, ఆ వెనక పిడికిలంత ఒళ్ళు. వీపు నిండా ముళ్ళు, ఒక్కోదాని మీద తెలుపూ గోధుమరంగూ పట్టీలు.

చదువుకున్నదాన్ని కదా, "ఏదుపంది పిల్ల" అని గొణిగాను. అది విన్నది. తలా కాళ్ళూ లోపలికి లాక్కుని చటుక్కున బంతి అయిపోయింది.

"ఏదుపందికీ దీనికీ యాడి సంబంధం" అన్నాడు మామ, మెల్లగా. "అది కుక్కంత ఉంటాది, గడ్డలు తవ్వుకుంటాది, దాని ముండ్లు రాలతాయి. ఇది ముండ్లెలక. పేరుకే ఎలక. బుడ్డల జోలికి రాదు. చెదలు, పేడపురుగులు, తేలు దొరికితే తేలు గుడక తింటాది. దీని ముండ్లు అట్ల రాలవు, పట్టుకోని పీకితే తప్ప రావు."

ముండ్లెలక. పుస్తకంలో దీనికి ఏం పేరు ఉందో నాకు తెలియదు, ఆయన పేరే రాస్తున్నాను. నేను ఒక పుల్ల తీసుకుని ఆ బంతిని కదిలించబోతే పుల్ల లాక్కున్నాడు. "ముడుచుకున్నదాన్ని ఇప్పాలని చూడగూడదమ్మా. నువ్వు కదలాకుండా కూచో. అదే విచ్చుకుంటాది." కూర్చున్నాం. దోమలు కుట్టాయి. నాకు కాలు తిమ్మిరెక్కింది. చాలాసేపటికి ఆ బంతి నడుమ ఒక గీత తెరుచుకుని, ముందు ముక్కు బయటికి వచ్చి గాలిని వాసన చూసింది. తర్వాత నాలుగు కాళ్ళ మీద లేచి, మమ్మల్ని లెక్క చేయకుండా మా ముందు నుంచే తుర్రుమంటూ పోయింది. మామ భుజాలు కదిలాయి.

దారిలో వాటి గురించే మాట్లాడాడు. అన్ని మాటలు ఆయన నోట ఒక్కసారిగా వినడం అదే మొదలు. ఎండలు ముదిరితే రాళ్ళ అడుగుకు పోయి రోజుల తరబడి కదలకుండా పడుకుంటాయట. వాన వాసన తగిలితే లేస్తాయట. ఒకటో రెండో పిల్లలు పెడతాయట. కంపకంచెల అడుగున, కిత్తనార మొదళ్ళలో, గుట్ట వాలులో బండల కింద, ఎవరూ దున్నని గట్ల బొరియల్లో ఉంటాయట. "మనకు పనికిరాని నేలే వాటికి ఊరు" అన్నాడు.

ఆ ఊర్లు ఇప్పుడు మా చుట్టుపక్కల పెద్దగా లేవు. గట్లను జేసీబీతో ఒక్క పూటలో చదును చేసి చేన్లు కలిపేస్తున్నారు. కంకర మిషను వాళ్ళు ఒకసారి ట్రాక్టరు తెచ్చి, కుప్పను తామే ఎత్తుకుపోతామనీ, మామకు అంత నేల కలిసొస్తుందనీ చెప్పారు. "నాకు కలిసొస్తాది సరేప్పా. అవి యాడికి పోవల్ల?" అన్నాడు మామ. వాళ్ళు ఎవరి గురించి అంటున్నాడో తెలియక ఇంటి వైపు చూశారట. తెలిసినాక నవ్వారట. ఆయన వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపించాడు.

ఇక తోలు సంగతి. మా నడిమింట్లో దూలానికి ఒక గుడ్డసంచి వేలాడేది. అందులో ముండ్లెలక ఎండు తోలు, ముళ్ళతో సహా ఉండేది. ముల్లు కాల్చి, ఆ మసిని తేనెలోనో తల్లిపాలలోనో రంగరించి నాకిస్తే పసిపిల్లల దగ్గూ ఆయాసమూ పోతాయని ఇక్కడి నమ్మకం. ఏ ఊళ్ళో బిడ్డ దగ్గినా "ఫలానా ఆయన దగ్గర తోలుండాది" అని మా ఇంటికి వచ్చేవాళ్ళు. పగలంతా నేను ఊర్లు తిరిగేదాన్ని కాబట్టి, వచ్చినవాళ్ళతో మామ ఏం మాట్లాడేవాడో నాకు తెలియదు. ఆ సంచి పక్కన మేకుకు ఒక ఇనుప తీగ, దానికి గుచ్చిన కాగితాలు కూడా ఉండేవి. అందరి ఇళ్ళలో ఉన్నట్టే కరెంటు బిల్లులనుకున్నాను.

పెళ్ళయిన రెండో ఏట ఒక తల్లి, బిడ్డకు టీకా వేయించనని మొండికేసింది. ఎందుకమ్మా అంటే, "మీ ఇంట్లోనే తోలుండాది, మీ మామ చేయి మంచిది. ఇంగ మాకు సూదులేంటికి నర్సమ్మా?" అంది. పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. నా తల కొట్టేసినట్టయింది. నేరుగా ఇంటికి వచ్చి, స్టూలు వేసుకుని, సంచి దించి, తోలును పొయ్యిలో వేశాను. వెంట్రుకలు కాలిన కంపు ఇల్లంతా కమ్ముకుంది. మా అత్త గడప దగ్గర నిలబడి చూసింది. అక్కడే కూర్చుండిపోయింది.

మామ చేను నుంచి వచ్చి ముక్కు ఎగబీల్చాడు. దూలం వైపు చూశాడు. "తోలు యాడుండాది?" అన్నాడు.

"కాల్చేసినా మామా."

ఎందుకని అడుగుతాడనీ, అడిగితే నా చదువంతా ఆయన మీద దింపుదామనీ కాచుకుని ఉన్నాను. ఆయన అడగలేదు. కాళ్ళు కడుక్కుని, సంగటి తిని, అరుగు మీదికి పోయాడు. ఆ రోజు నుంచి నన్ను నర్సమ్మా అని పిలవడం మాత్రం మానేశాడు. నేను చేసింది మంచి పనేనన్న దాంట్లో నాకు అనుమానమే లేదు.

వారం తిరక్కుండానే, నేను నెలవారీ మీటింగుకు పోయిన రోజున, పక్క పల్లె నుంచి ఒక ముసలమ్మ, ఆమె కొడుకు నెలల బిడ్డను ఎత్తుకుని మా ఇంటికి వచ్చారు. ముల్లు కావాలన్నారు. "తోలు లేదప్పా. దాని సంగతి ఇడిసిపెట్టు. బిడ్డ డొక్కలెగరేస్తాండాది, ఇప్పుడే కర్నూలికి తీస్కపోండి" అన్నాడట మామ. "తోలే లేనోనివి, నీ మాటేంటికి మాకు" అందట ముసలమ్మ. వీధి మలుపు దాకా వాళ్ళ వెంట నడిచి బతిమాలాడట. మాట రాని మనిషి, చేతులు జోడించాడట. వాళ్ళు ఆగలేదు. గడ్డపార తీసుకుని మా చేనికే పోయి, కుప్పను ఒక పక్క తవ్వేసి, ఒక ముండ్లెలకను పట్టి చంపి తోలు తీసుకుపోయారు.

నేను వచ్చేసరికి పొద్దు పోయింది. సంగతి విని, మరునాడు తెల్లవారగానే ఆ పల్లెకు పోయాను. బిడ్డ పెదవులు నీలంగా ఉన్నాయి. మూతి చుట్టూ మసి. ఎగిసిపడే డొక్కల మీద చెయ్యి పెట్టి ఊపిరి లెక్కపెట్టాను. అంబులెన్సు పిలిచి, వాళ్ళతో నేనూ ఎక్కాను. కర్నూలులో డాక్టరు నా యూనిఫాం చూసి నాతోనే అన్నాడు, "ఒక్కరోజు ముందు తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా." ఆ ఒక్కరోజు నేను కాల్చేసిందేనని నాకు ఇంకా తెలియదు. పల్లెజనం మూఢత్వం మీద మండిపడుతూ కూర్చున్నాను. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి బిడ్డ బతికాడు. ఇప్పుడు బడికి పోతున్నాడు.

బిడ్డకు గండం గడిచి నేను ఇంటికి వచ్చిన రాత్రి మా అత్త అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని ఒకే ప్రశ్న అడిగింది. "నువ్వు కాల్చిన తోలు యాడన్నా బోసిపోయి ఉండెనా? చూసినావా?"

చూశాను. ఎప్పుడో ఒకసారి సంచి తెరిచి చూశాను. నిండుగా ఉంది. ఇన్నేళ్ళుగా పిల్లలకు ముళ్ళు పంచుతున్న తోలు బోసిపోయి ఉండాలి కదా అని నాకు తోచలేదు. పీకితే తప్ప రావని ఆయనే చెప్పాడు కూడా.

"ఒక్క ముల్లు బయటోళ్ళెవురికీ ఇయ్యలేదు ఆయప్ప" అంది అత్త. "తోలు చేతిలో పట్టుకోని, ముందు ఆసుపత్రికి పోయి చీటీ తెచ్చి చూపిస్తేనే ముల్లు పీకుతా అంటాడు. తోలుండాదని నమ్మి పోతారు. చీటీతో వచ్చేలోపల బిడ్డకు నయమయింటాది. ఆ తీగకుండేది ఆ చీటీలే."

లేచి తీగ అందుకుని చూశాను. అన్నీ ఆసుపత్రి చీటీలే. పైవి తెల్లగా, కిందికి పోయేకొద్దీ పసుపు, ఇంకా కిందికి గోధుమరంగు. ఆలూరువి, ఆదోనివి, కర్నూలువి. మగబిడ్డ ఏడు నెలలు, ఆడబిడ్డ ఏడాదిన్నర. నాకు తెలిసిన పేర్లు, నేను టీకాలు వేసిన పిల్లల అన్నలూ అక్కలూ. చీటీలన్నిటికీ అడుగున ఒక చర్చి కాగితం ఉంది, ఒక ఆడపిల్ల బాప్తిస్మపు చీటీ. ఇంటిపేరు మాది.

అది వాళ్ళ మొదటి బిడ్డని అత్త చెప్పింది. మూడేళ్ళప్పుడు కోరింత దగ్గు పట్టుకుంది. ముండ్లెలక ముల్లు కోసం మామ రెండు రోజులు గుట్టల వెంట తిరిగాడు. ఎండాకాలం, అవన్నీ రాళ్ళ అడుగున పడుకుని ఉన్నాయి. మూడో రోజు తన కుప్పలోనే ఒకటి దొరికింది. చంపి, ముల్లు కాల్చి నాకించారు. ఆసుపత్రికి బస్సు ఎక్కించింది నాలుగో రోజు. దారిలోనే పోయింది. ఆ తోలును పారేయలేక సంచిలో వేసి దూలానికి కట్టాడు. తర్వాత ఎవరో తోలు ఉందని విని ముల్లు అడగడానికి వచ్చారు. అలా మొదలైంది.

అంటే నేను పొయ్యిలో వేసింది ఆ తోలును.

మరునాడు చేనికి పోయాను. మామ కుప్పను తిరిగి పేరుస్తున్నాడు. తవ్వినప్పుడు బయటపడిన రెండు పిల్లలకు దూదితో మేకపాలు పట్టి చూశాడట, దక్కలేదట. నేను కూడా రాళ్ళు అందించడం మొదలుపెట్టాను. "తప్పు నాది మామా" అన్నాను.

"నీకు చెప్పకపోవడం నాది" అన్నాడు. "సదువుకున్నదానివి, చెప్తే నవ్వుతావనుకున్న్యా." ఒక రాయి తిప్పి, సరిగ్గా కూర్చునేలా పెట్టాడు. "బిడ్డ బతికినాడంట గదా. ఆ పొద్దు నా బిడ్డనెవురూ అంబులెన్సు ఎక్కించలేదు. నువ్వు ఎక్కించినావు."

నేను ఇంకో రాయి అందించాను. ఎవరో గడ్డపారతో నా చేతులు రెండూ విరగ్గొట్టి ఉంటే ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

ఇంకో తోలు తెద్దామా అంటే, చంపి తెచ్చేది వద్దన్నాడు. "ఒకదాన్ని చంపినా. చాలు." రెండు నెలలకు, వానలప్పుడు, ఆలూరు రోడ్డు మీద ఏదో బండి కింద పడి చచ్చిన ముండ్లెలక ఒకటి నాకు కనిపించింది. తల నలిగిందే కానీ వీపు బాగానే ఉంది. దాన్ని కవరులో చుట్టి తెచ్చాను. టీకాల డబ్బాలో పెట్టలేదు, ఒట్టు, స్కూటీ సీటు కింద పెట్టాను. అరుగు మీద విప్పి చూపిస్తే మామ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. భుజాలు కదలడం మొదలై ఎంతకీ ఆగలేదు. "గవర్మెంటు నర్సమ్మ తోలు తెచ్చింది సూడే" అన్నాడు అత్తతో. నెలల తర్వాత ఆ పిలుపు విని నాకు ప్రాణం లేచివచ్చింది.

ఉప్పూ పసుపూ రాసి, నీడన ఎండబెట్టాడు. ఎర్రదారం ఒకటి కట్టాడు. అది దేనికంటే, "దారం లేకపోతే నమ్మరు" అన్నాడు. పాస్టరుగారు ఒకసారి వచ్చి, విశ్వాసుల ఇంట్లో ఇవేమిటని అడిగారు. "మీరు చెప్తే ఆసుపత్రికి పోతారా అయ్యా? పోతారంటే ఇప్పుడే తీసి పారేస్తా" అన్నాడు మామ. పాస్టరుగారు టీ తాగి, ప్రార్థన చేసి వెళ్ళారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత నుంచి సెలవురోజుల్లో ఆయన వైద్యం నేనూ చూశాను. బిడ్డతో వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి నీళ్ళిచ్చేవాడు. తోలు దించి ఒళ్ళో పెట్టుకునేవాడు. తొందరపెట్టేవాడు కాదు, అరిచేవాడు కాదు, నా మాదిరి ఉపన్యాసం దంచేవాడు కాదు. వాళ్ళు అడిగేదంతా అడిగి, భయపడేదంతా భయపడి, కాసేపటికి వాళ్ళంతట వాళ్ళే "ఐతే యాడికి తీస్కపోమంటావు పెద్దయ్యా?" అనేదాకా కదలకుండా కూర్చునేవాడు. చీటీతో తిరిగి వస్తే దాన్ని తలకిందులుగా పట్టుకుని, గుండ్రటి స్టాంపు ఉందో లేదో చూసేవాడు. "బిడ్డ పాలు తాగుతాందా?" అని అడిగేవాడు. తాగుతోందంటే, "అట్లయితే ముల్లు ఇప్పుడు తీయగూడదు. మీ ముల్లు దీంట్లోనే ఉంటాది, నేను చూసుకుంటా" అనేవాడు. అలా ఒక్కో బిడ్డకూ ఆ తోలులో ఒక ముల్లు ఉండేది. వాళ్ళు నిశ్చింతగా వెళ్ళేవాళ్ళు. తర్వాతి టీకాకు నా దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా.

"ఇదంతా అబద్ధం కదా మామా" అన్నాను ఒకసారి.

"అబద్ధమే" అన్నాడు. "దేవుడు అడిగితే ఒప్పుకుంటా. ఆపైన చీటీలు చూపిస్తా."

మా అత్త ఆ మాట మరిచిపోలేదు. పెట్టె మూసేముందు మేకు మీది తీగను దించి, కాగితాలు దులిపి, తెచ్చి ఆయన చేతి కింద పెట్టింది. బాప్తిస్మపు చీటీని తీసి దాచుకుంటావా అని అడిగాను. "వద్దులేమ్మా, బిడ్డను నాయన దగ్గరికే పోనీ" అంది. అందరూ ఏడ్చారు. మా ఆయన గోడకు తల ఆనించి ఏడ్చాడు. నేను మాత్రం వచ్చినవాళ్ళకు నీళ్ళు అందుతున్నాయా లేదా అని చూసుకుంటూ తిరిగాను.

వారానికి ఇంట్లో ఆదరణ కూడిక పెట్టుకున్నాం. పాటలు అయ్యాయి, పాస్టరుగారు వాక్యం చెబుతున్నారు. అప్పుడు గేటు దగ్గర ఒక జంట ఆగింది. ఆ అమ్మాయికి ఇరవై కూడా ఉండవు. చేతిలో బిడ్డ, పచ్చటి చెంగు కప్పి ఉంది. షామియానా చూసి ఆమె మొహం పాలిపోయింది. "తాత ల్యాడా?" అంది.

"లేడమ్మా. పోయినాడు."

"తోలు?"

నా నోటి దాకా వచ్చిన మాటలు అన్నీ ఇన్నీ కావు. నేను నర్సును, ఆ తోలుతో ఏమీ కాదు, బండెక్కండి అనబోయాను. బిడ్డను చూశాను. దగ్గుతోంది కానీ డొక్కలు ఎగరేయడం లేదు, కళ్ళు చురుగ్గా ఉన్నాయి. టైముంది. ఆ అమ్మాయి బిడ్డను ఇంకా గట్టిగా చుట్టుకుని, నేను అరుస్తానేమోనని భుజాలు దగ్గరికి లాక్కుని నిలబడింది. నేను లోపలికి పోయి, స్టూలు వేసుకుని, సంచి దించాను. పాట మొదలుపెట్టబోయిన వాళ్ళంతా ఆగి నన్నే చూశారు. ఆమె పక్కన నేల మీద కూర్చుని తోలును ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఈడనే ఉండాది" అన్నాను. "యాడికీ పోదు. ముందు ఆలూరు ఆసుపత్రికి పోయి చీటీ తెచ్చి నాకు చూపించు. చూసినాక ముల్లు సంగతి."

ఆమె తోలును తాకి చూసింది. ఎర్రదారాన్ని చూసింది. మొగుడి వైపు తిరిగి, "బండి తీ" అంది.

పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చారు. అమ్మాయి చీటీ చాపింది. నేను తీసుకుని తలకిందులుగా పట్టుకున్నాను, స్టాంపు కోసం చూశాను. "పాలు తాగుతాందా?" అన్నాను. తాగుతోందట. మందు పడ్డాక ఒక కునుకు కూడా తీసిందట. మీ ముల్లు దీంట్లోనే ఉంటుంది, నేను చూసుకుంటానని చెప్పి పంపించాను. మా ఆయన ఎక్కడి నుంచో ఒక కొత్త తీగ ముక్క వెతికి తెచ్చి, కొన వంచి ఇచ్చాడు. చీటీ గుచ్చి మేకుకు తగిలించాను.

ఆ సాయంత్రం ఒక్కదాన్నే చేనికి పోయాను. ముందురోజు వాన పడింది, నేల ఇంకా పచ్చిగా ఉంది. కాలికి తగిలిన రాయిని ఎత్తుకుపోయి కుప్ప మీద పెట్టాను. అది దొర్లి కింది రాయికి తగిలింది. కిత్తనార మొదట్లో ఏదో తిరుగుతున్నది ఆ చప్పుడుకు బిగుసుకుని బంతి అయిపోయింది.

నాలుగు బారల దూరం వెనక్కి వచ్చి కూర్చున్నాను. కదల్లేదు. దోమలు కుట్టాయి. వెలుతురు పోతోంది. ఎంతసేపైందో తెలియదు, ఆ బంతి నడుమ గీత తెరుచుకుంది. ముక్కు బయటికి వచ్చింది. తర్వాత తెల్లటి మొహం. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. అది మళ్ళీ ముడుచుకోకుండా, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు చేయకుండా ఏడ్చాను.